కొరియన్ భాషను ఎంచుకునే ముందు జాగ్రత్తలు

రోమన్ లిపి వాడని విదేశీ భాషల్లో మనకు అందుబాటుగా ఉండేది కొరియన్ అని నా అభిప్రాయం. అయినా మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

లిపి సులువైనంత మాత్రాన భాష కూడా సులువని భావించకండి. కొరియా రాజు సెజోంగ్ 1446లో ప్రకటించిన హంగుల్ అనే ఈ లిపిలో నేడు మూలాక్షరాలు 24 మాత్రమే. మన హల్లుకు గుణింతం చేరినట్లే అక్కడా హల్లూ అచ్చూ ఒకే గడిలో కూడుతాయి కనుక చదవడం త్వరగానే అలవడుతుంది. క్రియ వాక్యం చివర రావడం కూడా మనకు కలిసివచ్చేదే.

పదాలను తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవద్దు. కొరియన్ హల్లుల్లోని సాదా, బిగువు, ఒత్తు ధ్వనుల తేడా చెవితోనే పట్టుబడుతుంది.

ఎదుటివారి హోదాను బట్టి మారే క్రియారూపాలకు తగినంత సమయం కేటాయించుకోండి.

జపనీస్ వైపు మొగ్గేవారు, నిత్యవ్యవహారానికి నిర్దేశించిన కాంజీలే (జపనీస్‌లో వాడే చైనా మూలపు అక్షరాలు) 2,136 అని ముందే తెలుసుకోవాలి.