హెడ్‌ఫోన్‌కి సరిపడే ఆంప్ ఎంచుకోవడం ఎలా?

ఆంప్ అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే సౌండ్‌ని పెంచే ఆంప్లిఫయర్. అది కొనే ముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. మీ దగ్గరున్న వాటిలో బాగా తక్కువ సౌండ్ ఉన్న రికార్డింగ్ పెట్టండి. కొత్త సినిమా పాటలు ఇందుకు పనికిరావు, వాటి సౌండ్ ముందే పెంచేసి ఉంటుంది. పాత కచేరీలో వీణ మీద ఆలాపన లాంటిదైతే బాగుంటుంది. ఫోన్ వాల్యూమ్ మూడొంతులకు చేరేసరికే చాలనిపిస్తే ఆంప్ ఆలోచన మానేయండి. నేను మొదటి ఆంప్ ఈ పరీక్ష చేయకుండానే కొన్నాను. నాబ్ కాస్త తిప్పగానే చెవులు మోతెత్తేవి. మిగతా తిప్పుడంతా అలంకారమే.

ఫుల్ వాల్యూమ్ పెట్టినా చాలకపోతే హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు అంకెలు వెతకండి: ఇంపెడెన్స్ (కరెంటుకి ఇచ్చే అడ్డు) ఎన్ని ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి లేదా వోల్టుకి ఎంత సౌండ్ వస్తుందో) ఎన్ని డెసిబెల్స్. రెండో దానితో జాగ్రత్త. కొందరు ఒక మిల్లీవాట్‌కి ఇస్తారు, కొందరు ఒక వోల్టుకి. సెన్‌హైజర్ హెచ్‌డీ 650కి 103 అని చూసి ఇట్టే మోగుతుందనుకోవద్దు. అది వోల్టు లెక్క, మిల్లీవాట్‌కి మారిస్తే 98 లోపే.

ఇక అసలు లెక్క. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 250 ఓమ్‌ల మోడల్ తీసుకుందాం. ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ ఇస్తుంది. మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు కూడా సౌండ్ చిట్లకూడదంటే 110 దాకా వెళ్లగలగాలి. (అది క్షణకాలపు దెబ్బలకే. ఎక్కువసేపు వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్.) ఇంకా కావాల్సింది 14 డెసిబెల్స్. పది డెసిబెల్స్‌కి పవర్ పదింతలు, మిగిలిన నాలుగుకి మరో రెండున్నర రెట్లు, మొత్తం 25 మిల్లీవాట్లు. అంటే 0.025 వాట్లు. వోల్టుల్లోకి మార్చాలంటే దాన్ని 250 ఓమ్‌లతో గుణిస్తే 6.25, వర్గమూలం 2.5. మీకు కావాల్సింది 2.5 వోల్టులు.

ఫోన్‌కి తగిలించి హెడ్‌ఫోన్ గుచ్చుకునే, ఒక వోల్టు దగ్గర ఆగిపోయే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్‌తో ఇదే హెడ్‌ఫోన్ 102 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. చాలామందికి అదీ ఎక్కువే, నిజానికి. ఇదే పేరుతో వచ్చే 32 ఓమ్‌ల మోడల్‌కైతే 0.9 వోల్టు చాలు, డాంగిల్‌తోనే పని అయిపోతుంది. ఇంకా ఏ హెడ్‌ఫోన్ కొనాలో తేల్చుకోనివాళ్లు ఇక్కడే ఆలోచించుకోవాలి.

ఆంప్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీవాట్లు అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ 32 ఓమ్‌ల దగ్గర లెక్కే. అదే వోల్టేజీతో 250 ఓమ్‌ల దగ్గర వచ్చేది 128 మాత్రమే. మనకు కావాల్సింది 25 కాబట్టి టెన్షన్ లేదు. ప్లేనార్ హెడ్‌ఫోన్లది (కోన్ బదులు పల్చటి పొర కదిలి సౌండ్ ఇచ్చేవి) వేరే దారి. ఓమ్‌లు తక్కువే ఉన్నా కొన్ని కరెంటు బాగా లాగుతాయి, అక్కడ 32 ఓమ్‌ల అంకే చూడాలి.

తర్వాత ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆంప్ తనవైపు నుంచి ఇచ్చే అడ్డు. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకపోతే మంచిది, 32 ఓమ్‌లకి 4 లోపు. మించితే చాలా హెడ్‌ఫోన్లలో బేస్ ఉబ్బుతుంది. పాత స్టీరియో ఆంప్‌ల హెడ్‌ఫోన్ జాక్‌లో ఇది వంద దాటిపోవచ్చు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి బేస్ కాస్త ఉబ్బినా పెద్దగా ఇబ్బంది కాదు, ఇయర్‌ఫోన్‌కి మాత్రం పనికిరాదు.

ఇయర్‌ఫోన్లతో వినేవాళ్లు చివరగా ఒకటి చూసుకోవాలి. పాట ఆపేసి, వాల్యూమ్ మామూలుగా వినే చోటే ఉంచి, రాత్రి ఫ్యాన్ కట్టేసి వినండి. సన్నగా 'స్‌స్‌' మని వినిపిస్తే గెయిన్ స్విచ్ (ఆంప్ సౌండ్‌ని ఎంత పెంచాలో మార్చేది) 'లో'కి మార్చండి. అప్పటికీ పోకపోతే రిటర్న్ గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.