శని, ఆదివారాల్లో రైలు ఆగింది, రోడ్డు మూసింది: అయినా వెళ్ళాల్సిందే అంటే

నేను ఫిజియోథెరపిస్టుని. వారమంతా క్లినిక్, శని ఆదివారాలు ఇళ్ళ విజిట్లు. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి మెల్లగా కోలుకుంటున్నవాళ్ళు నా దగ్గరకి రాలేరు, నేనే వెళ్ళాలి. సరిగ్గా ఆ రెండు రోజులే మెట్రో వాళ్ళు పట్టాలు పీకుతారు, రోడ్ల వాళ్ళు బారికేడ్లు పెడతారు. భుజాన కరెంటు పెట్టే మిషను, సాగదీసే రబ్బరు పట్టీలు ఉన్న బ్యాగుతో ఊరి ఆ కొస నుంచి ఈ కొసకి తిరగాలి. అలా తిరుగుతూ నాకు కుదిరిన పద్ధతి ఇది.

తిట్టుకునే ముందు ఒక్క సంగతి. రాత్రి చివరి రైలు వెళ్ళాక పొద్దున మొదటి రైలు వచ్చే దాకా చాలా మెట్రోల్లో దొరికేది నాలుగైదు గంటలే. కరెంటు తీయడానికి, సామాను లోపలికి చేర్చడానికి, పనయ్యాక అన్నీ బయటికి తెచ్చి లైను పరీక్షించడానికి పోను, అసలు పనికి మిగిలేది అందులో సగం అనుకోండి. పట్టాలు దారి మారే చోట ఉండే పాత భాగాలు తీసి కొత్తవి వేయడానికి, వేసిన కాంక్రీటు గట్టిపడటానికి అది చాలదు. న్యూయార్క్ సబ్‌వే అయితే రాత్రి కూడా ఆగదు, కాబట్టి అక్కడ పెద్ద పనులు తరచుగా శుక్రవారం రాత్రి మొదలై సోమవారం తెల్లవారి 5 దాకా సాగుతాయి. టోక్యోలో గింజా లైను షిబుయా స్టేషన్ ప్లాట్‌ఫారాన్ని పక్కకి జరపాల్సి వచ్చినప్పుడు 2019 డిసెంబరు 28 నుంచి 2020 జనవరి 2 దాకా ఆ చివర రైళ్ళు ఆపేశారు. జనం తక్కువ తిరిగే రోజులు చూసుకుని ఆపుతారు. మనలాగా ఆ రోజుల్లోనే పనిచేసేవాళ్ళు లెక్కలోకి రారు, అది వేరే సంగతి.

నోటీసు శుక్రవారం సాయంత్రమే చదవాలి, శనివారం పొద్దున ప్లాట్‌ఫారం మీద నిలబడి కాదు. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా అన్నది అందరూ చూస్తారు. నేను చూసేవి మిగతావి. రెండు వైపులా ఆగిందా, ఒక వైపేనా? ఒక వైపు రైళ్ళు మాత్రమే కొన్ని స్టేషన్లలో ఆగకుండా వెళ్తుంటే, ముందుకెళ్ళి దిగి ఎదురు రైలెక్కి వెనక్కి రావచ్చు. పది నిమిషాలు పోతాయి, ఇబ్బంది లేదు. రైళ్ళు అసలు లేవా, లేక ఒకే పట్టా మీద అటూ ఇటూ నడుపుతున్నారా? ఆరు నిమిషాలకొకటి వచ్చే రైలు ఇరవై నిమిషాలకొకటి అవుతుంది, అది మాత్రం పెద్ద తేడా. న్యూయార్క్‌లో ఎల్ లైను సొరంగం 2012 నాటి శాండీ తుపానులో ఉప్పునీటికి పాడైంది. దాన్ని బాగుచేసిన 2019, 2020లలో శని ఆదివారాల్లో మాన్‌హాటన్, బ్రూక్లిన్ మధ్య సరిగ్గా ఇరవై నిమిషాలకొక రైలే నడిపారు.

మ్యాప్ యాప్ వాడేవాళ్ళకి ఒక్కటే మాట. శుక్రవారం వెతికేటప్పుడు "ఇప్పుడు బయల్దేరుతున్నా" అని వదిలేయకండి, శనివారం తొమ్మిదిన్నర అని పెట్టి వెతకండి. లేదంటే అది శుక్రవారం రైళ్ళు చూపించి మురిపిస్తుంది. ఆ తర్వాత రవాణా సంస్థ సొంత పేజీతో సరిచూసుకోండి. యాప్‌కి టైంటేబులు ఒక దారిలో వస్తుంది, ఆనాటి హెచ్చరికలు వేరే దారిలో వస్తాయి, రెండూ ఎప్పుడూ కలిసి నడవవు.

ఇక అసలు విషయం. చాలామంది మూసిన లైనుకి సమాంతరంగా ఇంకో లైను కోసం వెతుకుతారు. నేను ముందు, ఈ ప్రయాణంలో ఏం దాటాలి అని చూస్తాను. ఏ ఊళ్ళోనైనా దాటడానికి కష్టమైనవి కొన్నే ఉంటాయి: నది, రైలు కట్ట, ఎక్స్‌ప్రెస్‌వే, కొండ. వాటికి ఇటువైపు ఎన్ని సందులైనా ఉంటాయి, అటువైపూ ఉంటాయి. దాటే చోట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ వంతెనల్లో, సొరంగాల్లో ఆ రోజు ఏది తెరిచి ఉందో తేలితే మిగతా దారి దానంతట అదే తేలుతుంది. ఎల్ లైను సొరంగం తీసుకోండి. మాన్‌హాటన్, బ్రూక్లిన్ మధ్యనున్న ఈస్ట్ నదిని దాటడానికి అదొక్కటే కాదు, జె, ఎం రైళ్ళు విలియమ్స్‌బర్గ్ వంతెన మీదుగా వెళ్తాయి. నదికి ఇవతల ఏదో ఒకలా ఆ వంతెన రైలు దాకా చేరితే సగం పని అయినట్టే. ఏ రంగు లైను, ఎన్ని చోట్ల మారాలి అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

అందుకే నా విజిట్ల వరుస కూడా మార్చేస్తాను. మామూలు రోజుల్లో దగ్గరి ఇల్లు ముందు, దూరపు ఇల్లు తర్వాత. మూసివేత ఉన్న రోజు నదికి ఇటున్న ఇళ్ళన్నీ ఒక పూట, అటున్నవన్నీ ఇంకో పూట. రోజుకి ఒక్కసారే దాటాలి, తిరిగి రావడానికి ఒక్కసారి. పిల్లల ట్యూషను, ఆస్పత్రి, చుట్టాలిల్లు ఒకే రోజు పెట్టుకున్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

రెండు బళ్ళు మారాల్సి వచ్చినప్పుడు ఇంకో కిటుకు ఉంది. అరుదుగా వచ్చే బండి మొదట ఎక్కేలా చూసుకోండి, తరచుగా వచ్చేది రెండోది కావాలి. ఇరవై నిమిషాలకొక రైలైతే దాని టైము చూసుకుని ఇంట్లోంచి బయల్దేరొచ్చు. అక్కడ దిగాక ఐదు నిమిషాలకొక బస్సు ఎప్పుడొచ్చినా నష్టం లేదు. వరుస తిరగబడిందంటే, బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైనందుకు రైలు కోసం ఇరవై నిమిషాలు నిలబడాలి. వచ్చేటప్పుడు ఈ వరుస ఎలాగూ తిరగబడుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణానికి ఎప్పుడూ ఎక్కువ టైము పెట్టుకుంటాను. పొద్దున హాయిగా చేరి సాయంత్రం ఇరుక్కునేవాళ్ళే ఎక్కువ.

ఆగిన రైళ్ళ బదులు నడిపే రీప్లేస్‌మెంట్ బస్సుల గురించి కొంచెం లెక్క చెప్తాను, ఎందుకంటే అక్కడే జనం ఓపిక అంతా పోతుంది. ఆరు నిమిషాలకొక రైలు, రైలుకి వెయ్యి మంది అనుకుంటే గంటకి పదివేల మంది. బస్సుకి డెబ్బై మంది చొప్పున గంటకి నూట నలభైకి పైగా బస్సులు కావాలి, అంటే అర నిమిషానికొకటి కన్నా ఎక్కువ. శని ఆదివారాల్లో జనం సగమే అనుకున్నా డెబ్బై బస్సులు. ఎవరూ అన్ని నడపలేరు. కాబట్టి ఆ క్యూ ఎవరో సరిగ్గా ప్లాన్ చేయనందువల్ల వచ్చింది కాదు, అది ఉండి తీరుతుంది. మనం చూసుకోవాల్సింది దానిలో ఎక్కడ నిలబడాలన్నదే.

మూసిన ముక్క రెండు కొసల్లో బస్సులు ఖాళీగా బయల్దేరతాయి, మధ్య స్టాపులకి నిండి వస్తాయి. మీరు మధ్యలో ఉంటే, దగ్గరగా ఉన్న కొసకి వెనక్కి నడిచి అక్కడ ఎక్కడమే మేలు. వెనక్కి నడవడానికి మనసొప్పదు, నాకూ ఒప్పదు, కానీ మూడు బస్సులు ఆగకుండా వెళ్ళిపోయాక ఒప్పుకుంటుంది. రైల్లో వస్తున్నవాళ్ళయితే చివరి స్టేషన్ దాకా అందరితో పాటు వెళ్ళి దిగడం కన్నా ఒక స్టేషన్ ముందే దిగితే మీ వైపు వెళ్ళే మామూలు సిటీ బస్సు ఏదైనా ఉందేమో చూడండి. దాని సంగతి ఆ గుంపులో చాలామందికి తట్టదు. ఇక బస్సు ఆగేది స్టేషన్ గుమ్మం ముందు కాకపోవచ్చు, పెద్ద బస్సు తిరిగే చోటు కావాలి కాబట్టి పక్క రోడ్డులో పెడతారు. ఏ గేటు నుంచి బయటికి రావాలో నోటీసులో ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

నా పేషెంట్ల కోసం నేను వేరుగా చూసేది ఒకటుంది. మెట్రో రైలు నేల చాలా చోట్ల ప్లాట్‌ఫారంతో సమంగా ఉంటుంది. దాని బదులు వచ్చేది అద్దెకి తెచ్చిన టూరిస్టు బస్సైతే తలుపు దగ్గర ఎత్తయిన మెట్లుంటాయి. "రైలెక్కించావు బాగానే ఉందమ్మా, ఈ బస్సుకి కాలు లేవడం లేదు" అంది ఒక పెద్దావిడ నాతో, చేతిలో వాకరు పట్టుకుని. ఆపరేషనైన మోకాలు మొదటి వారాల్లో ఎత్తు మెట్టుకి సరిగ్గా వంగదు, బలవంతం చేయకూడదు కూడా. ఎక్కక తప్పకపోతే బాగున్న కాలు ముందు పైకి, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు కిందికి, చెయ్యి కడ్డీ వదలకుండా. అంతకన్నా మంచిది, నేల కిందికున్న బస్సు వస్తుందా అని ముందు రోజే సంస్థకి ఫోన్ చేసి అడగడం. దిగే స్టేషన్‌లో లిఫ్టు పనిచేస్తుందా అన్నదీ అప్పుడే అడగాలి, మూసివేత రోజుల్లో లిఫ్టుల రిపేరు కూడా పెట్టుకుంటారు. లేదని తేలితే ఆ వారం చెకప్ వాయిదా వేయించుకోండి.

నడవగలిగినవాళ్ళు మాత్రం నడక లెక్క తప్పకుండా వేసుకోండి. మెట్రో పటాలు మోసం చేస్తాయి. 1933లో లండన్‌లో వచ్చిన గీతల పటం నుంచి ఇవాళ్టి దాకా చాలా మెట్రో పటాలు దూరాన్ని చూపించవు, వరుసనే చూపిస్తాయి. లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య మూడు వందల మీటర్లు కూడా లేవు. కిందికి దిగి రైలెక్కి పైకొచ్చేలోపు నడిచి చేరిపోవచ్చు. 2015లో అక్కడి రవాణా సంస్థే స్టేషన్ల మధ్య నడక నిమిషాలతో పటం ఇచ్చింది. మీ ఊరికి అలాంటిది లేకపోతే మామూలు మ్యాప్‌లో రెండు స్టేషన్ల మధ్య కొలవండి. నడి ఊళ్ళో కిలోమీటరు లోపు ఉంటే పన్నెండు పదిహేను నిమిషాలు, ఏ క్యూ కన్నా నయం.

రోడ్డు మూసివేత స్వభావం వేరు. అక్కడ ఆగేది బండి, మనిషి కాదు. రోడ్డు పనుల దగ్గర చాలా చోట్ల పక్కన కాలిబాట ఉంటుంది, కాబట్టి క్యాబ్‌ని చుట్టూ తిప్పించడం కన్నా బారికేడ్ ఇవతలే దిగి నడవడం చాలాసార్లు త్వరగా తేలుతుంది. బుక్ చేసేటప్పుడే ఎక్కే చోటు, దిగే చోటు మూసిన ప్రాంతానికి బయట పెట్టండి. లోపల పెడితే డ్రైవరు రాలేడు, మీరు బయటికి పోలేరు, ఫోన్లో ఒకరికొకరు దారి చెప్పుకుంటూ కూర్చోవాలి.

పరుగు పందేలప్పుడు మనుషుల్ని కూడా దాటనివ్వరు. పందెం దారి గుండ్రంగా ఉంటే దాని లోపలి ఇళ్ళు కొన్ని గంటలు దీవి అయిపోతాయి. అప్పుడు నేను వెతికేది రోడ్డు కింద నుంచి ఇటూ అటూ గేట్లున్న మెట్రో స్టేషన్. రైలెక్కకపోయినా, టికెట్ గేట్లకి బయటే దారి ఉంటే కిందికి దిగి అవతలికి తేలొచ్చు. అదీ లేకపోతే టైము మార్చడమే. పందెం మొదలైన చోట రోడ్లు ముందు తెరుస్తారు, ముగిసే చోట ఆఖరున, కాబట్టి ఇల్లు ఎటువైపుందో చూసుకుంటే చాలు. కొలంబియా రాజధాని బొగోటాలో ప్రతి ఆదివారం పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా పెద్ద రోడ్లు సైకిళ్ళకీ నడకకీ వదిలేస్తారు. గంటలు అంత ఖచ్చితంగా తెలిసినప్పుడు దారి గురించి బుర్ర పాడుచేసుకోవడం దేనికి, రెండున్నరకి వస్తానని చెప్తే పోతుంది. పట్టాల పని అలా కాదు, అది రోజంతా ఉంటుంది, అక్కడ దారే మార్చాలి.

పేపర్లు భయపెట్టినంత ప్రతిసారీ జరగదు కూడా. లాస్ ఏంజిలస్‌లో 2011 జులైలో ముల్‌హాలండ్ డ్రైవ్ వంతెన సగం కూల్చడానికి 405 ఫ్రీవేని పది మైళ్ళ మేర 53 గంటలు మూస్తామన్నారు. ఊరు స్తంభిస్తుందని ఎంత ప్రచారం చేశారంటే, జనం ఇళ్ళలోనే ఉండిపోయి మిగతా రోడ్లు ఖాళీగా కనిపించాయి, పని కూడా ముందే అయిపోయింది. ఆ రోజు పందెం కాసి బయల్దేరిన సైక్లిస్టులు బర్‌బ్యాంక్ నుంచి లాంగ్‌బీచ్‌కి విమానంలో వెళ్ళినవాళ్ళ కన్నా ముందు చేరారు. అందుకని నేను భయపడే రోజు బాగా ప్రచారమైనది కాదు, ఎవరికీ చెప్పకుండా ఒక మూల సందులో పైపు కోసం తవ్వినది.

విజిట్లకి టైము చెప్పేటప్పుడు "పదింటికి" అని చెప్పడం మానేశాను. "పది నుంచి పదకొండు లోపు, దగ్గరికి రాగానే ఫోన్ చేస్తాను" అంటాను. పేషెంట్లు వ్యాయామానికి గంట ముందు తినకుండా, మందు వేసుకోకుండా ఎదురు చూస్తుంటారు. నొప్పి మాత్ర నేను వచ్చే అరగంట ముందు వేసుకోవాలని డాక్టరు చెప్పి ఉంటే, బస్సు దిగాక చేసే ఆ ఫోనే వాళ్ళకి అలారం.

ఆదివారం రాత్రి పడుకునే ముందు ఇంకోసారి నోటీసు చూడండి. పని అనుకున్న టైముకి అవ్వకపోతే సోమవారం మొదటి రైళ్ళే దెబ్బతింటాయి. పని టైముకి అయినా కూడా, కింద కంకర కదిపి కొత్తగా సర్దిన పట్టాల మీద కొన్నాళ్ళు రైళ్ళని మెల్లగా పంపడం మామూలే, మనకి కనిపించేది ఆ ముక్క దాటడానికి అదనంగా పట్టే ఒకటి రెండు నిమిషాలు. సోమవారం నా క్లినిక్ ఎనిమిదింటికి, నేను ఎప్పుడూ ఎక్కే రైలుకి ముందు రైలే ఎక్కుతాను.