బర్త్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీ: పని ఎక్కడ ఆగింది, ఎలా కదిలించాలి

సర్టిఫైడ్ కాపీ అంటే జిరాక్సు మీద వేసిన సంతకం కాదు. రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి, రిజిస్ట్రార్ తన సంతకంతో ఇచ్చే నకలు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద ఇస్తారు, కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. తిరస్కరణల్లో చాలావరకు ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే.

నోటరీ చేయించి ఇచ్చినా తిప్పి పంపారు

"ఈ జిరాక్సు, నాకు చూపించిన ఒరిజినల్ ఒకేలా ఉన్నాయి" అని మాత్రమే నోటరీ, గెజిటెడ్ ఆఫీసర్ చెప్పగలరు. ఒరిజినల్‌లో రాసింది నిజమో కాదో వాళ్ల పరిధి కాదు. అడిగింది రిజిస్ట్రార్ ఇచ్చే కాపీ అయితే నోటరీ ముద్రలు ఎన్ని ఉన్నా పని జరగదు. పత్రం అడిగిన నోటీసులో ఏ మాట ఉందో ముందు చూడండి: సెల్ఫ్ అటెస్టెడ్ (మీరే సంతకం పెట్టిన జిరాక్సు), ట్రూ కాపీ (నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టిన జిరాక్సు), సర్టిఫైడ్ కాపీ మూడూ వేర్వేరు.

అడిగింది ట్రూ కాపీయే అయినా వెనక్కి వచ్చిందంటే సీలు చూడండి. సంతకం కింద పేరు, హోదా లేకపోవడం, నోటరీ గడువు తీరిపోవడం, నాలుగు పేజీల పత్రానికి చివరి పేజీ మీదే సంతకం ఉండటం తరచూ కనిపించే లోపాలు. ఆధార్‌కు ముందు వైపు మాత్రమే జిరాక్సు తీస్తే అడ్రస్ వెనకే ఉండిపోతుంది. ఆకుపచ్చ సిరా లేదని మాత్రం కంగారు పడకండి, అది ఆనవాయితీ.

ఆన్‌లైన్‌లో వెతికితే రికార్డు లేదంటోంది

లేదనుకునే ముందు మూడు చూడాలి.

మొదటిది ఊరు. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోట, తల్లిదండ్రులు కాపురమున్న చోట కాదు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి, హైదరాబాద్‌లో కాపురమున్నవాళ్ల బిడ్డ రికార్డు గుంటూరు మున్సిపల్ కార్పొరేషన్‌లో ఉండటం మామూలే. రెండోది పేరు. నమోదు నాటికి బారసాల కూడా అయ్యుండదు, అందుకే పేరు గడి ఖాళీగా ఉంటుంది. తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరుతో వెతికించండి. మూడోది కాలం. పాత రిజిస్టర్లు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, ఎక్కినవాటిలో కొన్ని తప్పుగా ఎక్కాయి.

తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇవ్వొచ్చు. అక్కడ దొరకకపోతే సంబంధిత పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్లి, మాన్యువల్ రిజిస్టర్ వెతకమని రాతపూర్వకంగా అడగండి. డిసెంబర్ చివర్లో పుట్టినవాళ్ల నమోదు మరుసటి ఏడాది రిజిస్టర్‌లో ఉండొచ్చు, రెండు సంవత్సరాలూ రాయండి. డిశ్చార్జి కాగితం జత చేస్తే వెతకడం తేలికవుతుంది.

కాపీ వచ్చింది, పేరు గడి ఖాళీ

14వ సెక్షన్ ప్రకారం తర్వాత పేరు చేర్చుకోవచ్చు. నమోదు తేదీ నుంచి 12 నెలల లోపు రుసుము లేదు. 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. చేర్చాక కొత్త కాపీ తీసుకోవాలి. పాతదాని మీద చేత్తో పేరు రాసుకుంటే అది పనికిరాదు సరికదా, ట్యాంపరింగ్ కింద చూస్తారు.

స్పెల్లింగ్ తప్పు

ముందు మాన్యువల్ రిజిస్టర్‌తో పోల్చమనండి. రిజిస్టర్‌లో సరిగా ఉండి ప్రింటులో తప్పుంటే అది డేటా ఎంట్రీ పొరపాటు, వాళ్లే దిద్దాలి. రిజిస్టర్‌లోనే తప్పుంటే 15వ సెక్షన్ కింద దరఖాస్తు. పాత ఎంట్రీని కొట్టేయరు. మార్జిన్‌లో సవరణ రాసి రిజిస్ట్రార్ తేదీతో సంతకం పెడతారు. అక్షర దోషమైతే పని తేలిక. అసలు సమాచారమే తప్పయితే విషయం తెలిసిన ఇద్దరి డిక్లరేషన్ కావాలి.

ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన చిక్కు. దరఖాస్తుకు పదో తరగతి మెమో, తల్లిదండ్రుల ఆధార్ జత చేసి, ఇకపై అన్నిట్లో ఉండాల్సిన రూపాన్నే అడగండి. పెద్దయ్యాక పేరు మార్చుకున్నవాళ్లకు ఈ దారి లేదు, వాళ్లది గెజిట్ వ్యవహారం.

రికార్డు నిజంగానే లేదు

అప్పుడు ఫారం 10లో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (రికార్డు లేదని ఇచ్చే పత్రం) తీసుకోవాలి. ఏడాది దాటిన జననాన్ని ఇప్పుడు నమోదు చేయించాలంటే పైఅధికారి ఆర్డర్ కావాలి. మన దగ్గర ఈ ఫైలు ఆర్డీవో ఆఫీసులో నడుస్తుంది. 2023 అక్టోబర్ 1న లేదా ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టుకు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే పుట్టిన తేదీకి రుజువు, వాళ్ల విషయంలో వాయిదా వేయొద్దు.

అమెరికాలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ముప్పై ఏళ్ల తర్వాత నమోదు చేయించిన సర్టిఫికెట్ ఒక్కటే పంపితే ఇంకా ఆధారాలు కావాలని లేఖ రావొచ్చు. స్కూలు రికార్డులాంటి పాత ఆధారాలు, అఫిడవిట్లు ముందే జతచేయడం మేలు. అసలు రికార్డే లేకపోతే అక్కడి నిబంధన ప్రకారం నాన్ అవైలబిలిటీ పత్రం ప్రభుత్వ లెటర్‌హెడ్ మీద ఉండాలి, రికార్డు ఎందుకు లేదో చెప్పాలి, ఆ కాలానికి ఆ ఊళ్లో అలాంటి రికార్డులు దొరుకుతాయో లేదో కూడా చెప్పాలి. "పై వ్యక్తి జననం నమోదు కాలేదు" అన్న ఒక్క వాక్యంతో వచ్చే కాగితాలకు ఇబ్బంది ఇదే. దరఖాస్తులోనే ఈ మూడూ రాసివ్వండి. పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. సర్పంచ్ లేఖ దీనికి బదులు కాదు. స్కూలు రికార్డు వంటి ఆధారాలు కూడా లేకపోతే కనీసం ఇద్దరి అఫిడవిట్లు కావాలి. వాళ్లు పుట్టుక గురించి స్వయంగా తెలిసినవాళ్లై, ఆ గ్రీన్‌కార్డు పిటిషన్‌లో పక్షదారులు కానివాళ్లై ఉండాలి.

దరఖాస్తుకు జత చేయాల్సిన ఈ-ఆధార్ (డౌన్‌లోడ్ చేసుకున్న ఆధార్) పీడీఎఫ్ సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం

ఫైలు పాడవలేదు. మీ కంప్యూటర్ ఆ డిజిటల్ సంతకాన్ని ఇంకా నమ్మలేదు, అంతే. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరిచి, సంతకం మీద రైట్ క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సంతకందారు సర్టిఫికెట్ తెరవండి. ట్రస్ట్ ట్యాబ్‌లో నమ్మకమైన జాబితాకు చేర్చి, మళ్లీ వ్యాలిడేట్ చేస్తే టిక్కు వస్తుంది. ప్రింటు ఆ తర్వాతే.

అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ ఇచ్చే ధ్రువీకరణ) దగ్గర ఆగింది

లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ మీద ముద్రా పడదు, స్టిక్కరూ అంటదు. లామినేషన్ ఊడదీసే ప్రయత్నం చేయకుండా కొత్త సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, అదే చవక. విదేశాంగ శాఖకు ముందు రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఉండాలి. వెళ్లే దేశం అపోస్టిల్‌ను ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఉందో లేదో కూడా చూసుకోండి: యూఏఈ, కువైట్ అందులో లేవు, వాటికి ఆ దేశ ఎంబసీ అటెస్టేషన్ వేయించాలి.