కాలువ నీళ్లలో రసాయనాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? లెక్క తేల్చడం ఎలా

రెండు ల్యాబు రిపోర్టులు పక్కపక్కన పెట్టి ‘విజయవాడ బందరు కాలువలో సీసం పెరిగింది’ అనేస్తే కుదరదు. ఒకే చోట, ఒకే తీరులో పదేళ్లు కొలిచిన అంకెలు ఉంటేనే లెక్కకు కూర్చోండి. చాలావరకు ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ గానీ సరిపోతుంది.

1. పట్టిక: ఒక్కో ఫలితానికి ఒక్కో వరుస. తేదీ, చోటు, రసాయనం, విలువ, యూనిట్, ల్యాబు, పరీక్ష పద్ధతి, డిటెక్షన్ లిమిట్ (పరికరం పట్టగలిగే అతి తక్కువ మోతాదు) రాయండి. ప్రకాశం బ్యారేజీ ఎగువన తీసిన శాంపిల్‌నూ, ఊరు దాటాక కాలువలో తీసిన శాంపిల్‌నూ ఒకే లెక్కలో కలపొద్దు.

2. యూనిట్లు: తాగునీటిలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. కొన్ని ల్యాబులు దాన్నే నైట్రోజన్‌గా లెక్కగట్టి ఇస్తాయి. ఆ అంకెను 4.43తో గుణించాలి. లోహాల్లో వడగట్టిన నీటి ఫలితం వేరు, వడగట్టని నీటిది వేరు.

3. కాలం: ఖరీఫ్‌కు నీళ్లు వదిలాక కాలువలో మురుగు పలచబడుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే నీళ్లలో మురుగు వాటాయే ఎక్కువ. అందుకే మే నెలను మే నెలతోనే పోల్చాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద నాటి అంకెలుంటే కొట్టేయకండి, గుర్తు పెట్టి, వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి లెక్క చేయండి.

4. బీడీఎల్: లెక్కలు పాడయ్యేది ఇక్కడే, నిదానంగా చదవండి.

రిపోర్టులో ‘బీడీఎల్’ (బిలో డిటెక్షన్ లిమిట్) అంటే రసాయనం లేదని కాదు, ఆ పరికరానికి అందలేదని. చాలామంది అక్కడ సున్నా వేస్తారు, కొందరు లిమిట్‌లో సగం వేస్తారు. రెండూ తప్పే. సీసానికి పాత పరికరం లిమిట్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కొత్తదాని లిమిట్ 0.001 అనుకోండి. పాతవన్నీ బీడీఎల్, కొత్తవి 0.003, 0.004. పాతవాటికి సున్నా వేస్తే సీసం పెరిగినట్టు కనబడుతుంది. సగం, అంటే 0.005 వేస్తే తగ్గినట్టు కనబడుతుంది. మారింది పరికరం, నీళ్లు కాదు.

చేయాల్సింది ఇదీ. మొత్తం డేటాలో అన్నిటికన్నా పెద్ద లిమిట్ పట్టుకోండి. దానికన్నా తక్కువ వచ్చిన ప్రతి విలువనూ, కొత్త పరికరం కొలిచిన 0.003తో సహా, ‘<0.01’ అనే రాయండి. అవన్నీ ఒకదానితో ఒకటి సమానం. మంచి అంకె పోతోందని బాధ కలుగుతుంది, అయినా రాయాలి. కొత్త పరికరం అంకెలను వేరే షీట్‌లో విడిగా చూసుకోవచ్చు.

సగానికి మించి బీడీఎల్‌లే ఉంటే ఏటా ఇంత మారిందని చెప్పకండి. ఏ ఏడు ఎన్ని శాంపిళ్లు 0.01 దాటాయో మాత్రం చెప్పండి. తాగునీటిలో సీసం పరిమితి కూడా అదే గనక జనానికి పనికొచ్చే మాట అదే.

5. మాన్-కెండాల్ పరీక్ష (ఏళ్ల తరబడి అంకెలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా తేల్చే లెక్క): ఎక్సెల్ గీసే సరళరేఖ వద్దు. ఒక్క వరద అంకె దాన్ని పైకి లాగేస్తుంది, పైగా ‘<0.01’ను అది లెక్కలోకి తీసుకోలేదు. ఈ పరీక్షకు అంకె ఎంతన్నది అక్కర్లేదు, ఏది పెద్దదన్నదే కావాలి. ఏ రెండేళ్ల అంకెలైనా ఒక జత. ప్రతి జతలో తర్వాతి ఏడాదిది పెద్దదైతే +1, చిన్నదైతే −1, సమానమైతే 0. పదేళ్ల మే నెలలకు 45 జతలు. సమానాలు లేనప్పుడు మొత్తం +23 గానీ అంతకు పైన గానీ వస్తే పెరుగుతోందనీ, −23 గానీ అంతకు కింద గానీ వస్తే తగ్గుతోందనీ 5 శాతం స్థాయిలో చెప్పొచ్చు, అంటే నిజంగా మార్పు లేకున్నా అలా వచ్చే అవకాశం 5 శాతం లోపే. సమానాలుంటే ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చేయండి, సవరణ అదే చూసుకుంటుంది.

6. మార్పు ఎంత: ప్రతి జతకూ తేడాను మధ్యనున్న ఏళ్లతో భాగించి, వచ్చినవన్నీ వరుసలో పేర్చి నడిమిది తీసుకోండి. ఏటా వచ్చిన మార్పుకు అంచనా అదే. దాని పక్కనే శాంపిళ్లెన్ని, బీడీఎల్‌లెన్ని, పరికరం ఏ ఏడు మారింది అన్నవీ రాయండి.