సైబర్ శిక్షణ ముగిసినా స్థానిక కార్యాలయం తడబడుతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, అత్యవసర సేవల సంస్థలు చేతులు కలిపి స్థానిక అధికారులకు సైబర్ భద్రత నేర్పే కార్యక్రమాలు ఇప్పుడు పలు దేశాల్లో నడుస్తున్నాయి. పాఠాలు మంచివే అయినా దాడి జరిగిన రోజున అవి అక్కరకు రాకపోవడాన్ని శిక్షకుడిగా నేను ఎన్నోసార్లు చూశాను. లోపం పాఠంలో ఉండడం అరుదు. ఒకరి బాధ్యత ముగిసి మరొకరిది మొదలయ్యే చోటే అది దాగి ఉంటుంది.

సమస్య: అందరికీ సర్టిఫికెట్లు ఉన్నాయి, కానీ మొదటి ఫోన్ ఎవరికి చేయాలో ఎవరికీ తెలియదు

కారణం: శిక్షణ ఒప్పందంలో లక్ష్యాన్ని ‘ఇంతమందికి శిక్షణ’ అని రాసుకోవడమే. హాజరు పట్టీ నిండితే పని పూర్తయినట్టే లెక్క. ఫిషింగ్ మెయిల్‌ను, అంటే నమ్మించి వివరాలు లాగే మోసపు మెయిల్‌ను, పసిగట్టడం వ్యక్తి నేర్చుకోగల విద్యే గానీ, సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయమని ఆదేశించే అధికారం ఎవరిదన్నది కార్యాలయం ముందుగానే తేల్చుకోవలసిన విషయం. ఒక కార్యాలయంలో నేను నిర్వహించిన మాక్ డ్రిల్‌లో, ఫైళ్లన్నీ తాళం పడి తెరమీద డబ్బు అడుగుతున్న సందేశం కనిపించిందని చెప్పగానే, శిక్షణలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక ఉద్యోగిని వెంటనే అత్యవసర నంబర్ల జాబితా తెరవబోయారు. ఆ జాబితా ఉన్నది అదే సర్వర్‌లోని ఎక్సెల్ ఫైల్‌లో. ఆమె చేయి మౌస్ మీదే ఆగిపోయింది. తప్పు ఆమెది కాదు. ఆ జాబితాను కాగితం మీద ఉంచుకోవాలని ఏ పాఠమూ చెప్పలేదు.

పరిష్కారం: శిక్షణలోని చివరి పూట తరగతి గదిలో కాకుండా శిక్షణ పొందినవారి కార్యాలయంలోనే జరగాలని ఒప్పందంలోనే రాయించండి. ఆ పూట ముగిసేసరికి ఒక్క పేజీ కాగితం తయారు కావాలి: ఎవరికి ముందు చెప్పాలి, ఆ వ్యక్తి సెలవులో ఉంటే ఎవరికి చెప్పాలి, వ్యవస్థను ఆపే నిర్ణయం ఎవరిది, ప్రజలకు సమాచారం ఇచ్చేదెవరు, ఘటనను ఏ సంస్థకు ఎంతసేపటిలో తెలియజేయాలి. గడువులు దేశాన్నిబట్టి మారతాయి. భారత్‌లో సైబర్ ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ఘటనను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి.

సమస్య: అగ్నిమాపక, పోలీసు, అంబులెన్సు సిబ్బంది ఇది కంప్యూటర్ విభాగం గొడవ అనుకుంటారు

కారణం: శిక్షణలను విడివిడిగా నిర్వహించడం, ఉదాహరణలన్నీ మెయిళ్లు, పాస్‌వర్డుల చుట్టూనే తిరగడం. దాడి ముందుగా తగిలేది తమకేనని వారికి ఎవరూ చూపలేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2018 మార్చిలో అత్యవసర ఫోన్ కాల్స్‌ను వాహనాలకు చేరవేసే కంప్యూటర్ వ్యవస్థ మీద దాడి జరిగి, సిబ్బంది సుమారు 17 గంటలపాటు ఆ వివరాలను చేతితో నమోదు చేసుకుంటూ పని నడపవలసి వచ్చింది. ఒక సాంకేతిక సిబ్బంది మరో లోపాన్ని సరిచేసే క్రమంలో ఫైర్‌వాల్‌లో (బయటినుంచి వచ్చే అనధికార ప్రవేశాలను అడ్డుకునే రక్షణలో) చేసిన మార్పు దుండగులకు దారి తెరిచింది. మరుసటి ఏడాది మేలో అదే నగరం ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ బారిన పడింది.

పరిష్కారం: ఉమ్మడి డ్రిల్‌లో కంట్రోల్ రూమ్ తెరలను నిజంగానే ఆపేసి, కాగితం, పెన్ను, రేడియోలతో ఒక గంట పని నడిపించండి. చిరునామా రాసుకునే ఫారాలు ఎక్కడున్నాయి, ఏ బండి ఎక్కడుందో గోడ మీద గుర్తించేదెవరు అన్న ప్రశ్నలకు జవాబులు ఆ గంటలోనే దొరుకుతాయి. సాంకేతిక సిబ్బంది కూడా అదే గదిలో కూర్చోవాలి. తాము మార్చే ఒక్క సెట్టింగు ఎవరి ప్రాణం మీదికి వస్తుందో వారు కళ్లారా చూడాలి. నా దృష్టిలో మొత్తం శిక్షణలో అత్యంత విలువైన గంట ఇదే.

సమస్య: శిక్షణ ఎక్కువ అవసరమైన చిన్న ఊళ్లవారే రారు

కారణం: ఉన్న ఒక్క కంప్యూటర్ ఉద్యోగి మూడు రోజులు కుర్చీ వదిలితే కార్యాలయం నడవదు. దీన్ని నిర్లక్ష్యంగా భావించడం అన్యాయం.

పరిష్కారం: శిక్షణే వారి దగ్గరికి వెళ్లాలి, ఖర్చు పైస్థాయి ప్రభుత్వం భరించాలి. అమెరికాలో 2004లో ఏర్పడిన జాతీయ సైబర్ సన్నద్ధత కన్సార్టియంలోని విద్యాసంస్థలు, కేంద్ర నిధులతో, స్థానిక సిబ్బందికి ఉచితంగా ఇలాగే నేర్పుతున్నాయి. ఆ దేశపు 2021 చట్టం రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు నాలుగేళ్లకు 100 కోట్ల డాలర్లు కేటాయిస్తూ, రాష్ట్రానికి అందే మొత్తంలో కనీసం 80 శాతం స్థానిక సంస్థలకు (గ్రామీణ వాటా ఇందులోనే కలిసి ఉండవచ్చు), కనీసం 25 శాతం గ్రామీణ ప్రాంతాలకు చేరాలని షరతు పెట్టింది. వాటా రాతపూర్వకంగా లేనిచోట డబ్బు పెద్ద నగరాల దగ్గరే ఆగిపోతుంది.

సమస్య: కార్యాలయం జాగ్రత్తగానే ఉన్నా దాడి కాంట్రాక్టర్ ద్వారా వచ్చింది

కారణం: వ్యవస్థలను దూరం నుంచి నిర్వహించే ప్రైవేటు సంస్థను శిక్షణకు పిలవలేదు. 2019 ఆగస్టులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 20కి పైగా స్థానిక సంస్థలు ఒకేసారి రాన్సమ్‌వేర్‌కు చిక్కడానికి దారి ఇదే: వాటి వ్యవస్థలను నిర్వహించే సంస్థ సాధనం ద్వారానే దాడి పాకింది. రాష్ట్ర శాఖలు, విశ్వవిద్యాలయ బృందాలు, కేంద్ర సంస్థలు కలిసి రంగంలోకి దిగడం వల్ల కోలుకోవడం త్వరగా మొదలైంది.

పరిష్కారం: కాంట్రాక్టు పునరుద్ధరణ సమయంలో డ్రిల్‌కు హాజరవడాన్ని షరతుగా చేర్చండి. దూరం నుంచి వచ్చే ప్రవేశానికి రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతోపాటు మరో రుజువు కూడా అడిగే పద్ధతి) పెట్టించండి, అవసరం లేనప్పుడు ఆ దారి మూసి ఉంచండి.

సమస్య: వ్యవస్థ కోలుకుంది, కానీ దర్యాప్తుకు ఆధారాలు మిగలలేదు

కారణం: తొందరలో కంప్యూటర్లను ఫార్మాట్ చేసేశారు. పని మళ్లీ మొదలవ్వాలన్న ఆత్రుత సహజమే అయినా, దాడి ఎటునుంచి వచ్చిందో తెలియకపోతే అదే దారిలో మళ్లీ వస్తుంది.

పరిష్కారం: ముందు నెట్‌వర్క్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి, పవర్ ఆపితే మెమరీలోని ఆధారాలు పోతాయి కనుక, నెట్‌వర్క్ నుంచి విడదీయడం సాధ్యం కానప్పుడు మాత్రమే ఆ పని చేయండి. తెరను ఫొటో తీసి, సమయం రాసి, డిస్కు ప్రతిని, లాగ్‌లను (వ్యవస్థలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను) భద్రపరిచాకే పునరుద్ధరణ మొదలుపెట్టాలి. శిక్షణలో పోలీసు దర్యాప్తు అధికారి చేత ఈ భాగాన్ని చెప్పించండి.

సమస్య: ఏడాది తిరిగేసరికి అంతా మళ్లీ మొదటికి వస్తుంది

కారణం: బదిలీలు, పదవీ విరమణలు.

పరిష్కారం: బాధ్యతను వ్యక్తి పేరుతో కాకుండా పదవి పేరుతో రాయండి. కొత్తవారు చేరిన నెలలోపే శిక్షణ ఇవ్వండి. ఆ ఒక్క పేజీ కాగితంలోని ప్రతి నంబరుకూ మూడు నెలలకోసారి ఫోన్ చేసి, ఎత్తినవారు సరైన వ్యక్తో కాదో చూసి, తేదీ వేసి కొత్త ప్రతిని గోడకు అంటించండి.