పర్సనాలిటీ టెస్ట్ రిజల్ట్ వచ్చిందా? ముందు మిమ్మల్ని ఎవరితో పోల్చారో చూడండి

పర్సనాలిటీ టెస్టులు రాసేవాళ్ళు శానా మంది ఉన్నారు గానీ రిజల్ట్ చదవడం వచ్చినోళ్ళు తక్కువ. మా తిరుపతిలో అయితే డిగ్రీ పిల్లోళ్ళ నుంచి బెంగుళూరు కంపెనీలకి ఇంటర్వ్యూలకి పొయ్యేవాళ్ళ దాకా ఎవరి వాట్సాప్ స్టేటస్ చూసినా ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలే, ఒకడు ఐఎన్‌ఎఫ్‌జే అంట, ఇంకొకడు ఐఎన్‌టీపీ అంట, కింద ఒక రంగుల బొమ్మ. సరదాకి అయితే ఏం పర్లేదు. కానీ అది చూసి "నేనింతే" అని ఫిక్స్ అయిపోయి ఇంటర్వ్యూలు మానేసుకునేది, పెళ్ళి సంబంధాల్లో కూడా మీ అమ్మాయి ఏ టైపు అని అడిగేది మొదలుపెడతారు చూడండి, ఆడ వస్తాది తంటా. జాతకాలతో పడేది చాలదా మనకి.

మొదట మీ చేతిలో ఉండేది ఏ రకం టెస్టో చూసుకోండి, చదివే పద్ధతి దాన్ని బట్టే ఉంటాది. మనిషిని ఏదో ఒక గుంపులో పెట్టి పేరు ఇచ్చేవి ఒక రకం, ఎంబీటీఐ (మైయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్) ఇట్లాంటిదే, స్టేటస్‌లో పెట్టే ఆ నాలుగు అక్షరాలు దీనివే. స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్ కార్ల్ యూంగ్ 1921లో మనుషుల టైపుల మీద పుస్తకం రాస్తే, దాన్ని పట్టుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ కలిసి ఈ టెస్టు తయారు చేసినారు, ఇద్దరూ సైకాలజీ చదివినోళ్ళేం కాదు. నాలుగు జతలు (ఒంటరిగా ఉంటే బాగుండే ఇంట్రోవర్ట్, నలుగురిలో హుషారయ్యే ఎక్స్‌ట్రావర్ట్, ఇది ఒక జత), జతకి ఒక అక్షరం, మొత్తం 16 టైపులు. రెండో రకం టెస్టులు పేరు ఇవ్వవు, ఒక్కో గుణంలో మీరు ఎంత ఎక్కువ ఎంత తక్కువ అని నంబరు ఇస్తాయి. వీటిల్లో పెద్దది బిగ్ ఫైవ్, యూనివర్సిటీల్లో రీసెర్చ్ చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది కూడా ఇదే. ఓపెన్‌నెస్ అంటే కొత్త ఆలోచనల మీద ఇష్టం, కాన్షియెన్షస్‌నెస్ అంటే పట్టుకున్న పని పద్ధతిగా పూర్తి చేసే గుణం, ఎక్స్‌ట్రావర్షన్ అంటే నలుగురిలో హుషారు, అగ్రీయబుల్‌నెస్ అంటే సర్దుకుపోయే తత్వం, న్యూరోటిసిజం అంటే దిగులు కోపం కంగారు తొందరగా వచ్చేది. ఈ ఐదే.

టైపు ఇచ్చే టెస్టుతో గొడవ ఏందంటే, అది మధ్యలో గీత కొట్టేస్తాది. గీతకి ఇంచు ఇవతల ఉన్నోడు ఇంట్రోవర్ట్, ఇంచు అవతల ఉన్నోడు ఎక్స్‌ట్రావర్ట్, నిజానికి వాళ్ళిద్దరికీ తేడానే ఉండదు, కానీ ఆ మధ్యలో ఉన్నోడిని తీసుకుపోయి ఎవరితోనూ మాట్లాడని మనిషితో ఒకే గుంపులో కూర్చోబెడతాది. మనుషుల్లో ఎక్కువ మంది మధ్యలోనే ఉంటారు కదా, అందుకే కొన్ని వారాలు ఆగి మళ్ళీ రాస్తే శానా మందికి ఏదో ఒక అక్షరం మారిపోతాది. కాబట్టి అక్షరం కంటే దాని పక్కన ఉండే నంబరు చూడండి, నెట్ టెస్టుల్లో అది 50 శాతానికి దగ్గర్లో ఉంటే ఆ అక్షరాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. ఇంకో మెలిక కూడా ఉంది, అసలు ఎంబీటీఐ రిపోర్టులో వచ్చే నంబరు మీలో ఆ గుణం ఎంత ఉందని చెప్పదు, మీరు ఆ వైపే అని ఎంత స్పష్టంగా జవాబులు ఇచ్చినారో చెప్తాది. నెట్‌లో ఫ్రీగా దొరికే చాలా టెస్టులు ఎంబీటీఐ కావు, అవే అక్షరాలు పెట్టుకున్న వేరే టెస్టులు, నాలుగు అక్షరాల తర్వాత గీత పెట్టి ఐదో అక్షరం ఒకటి తగిలించింటారు చూడండి, అది అసలు ఎంబీటీఐలో లేనే లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా చిన్నాయన కొడుకు ఈడ ఎస్వీ యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతా ఉన్నాడు, ఐపీఐపీ-నియో అని బిగ్ ఫైవ్ టెస్టు ఒకటి ఉంది, 120 ప్రశ్నలు, ఫ్రీ, అది రాసి నాకు స్క్రీన్‌షాట్ పంపినాడు. "అన్నా, ఎక్స్‌ట్రావర్షన్ 31 అంట, ఫెయిలే కదా, ఇంక ఆ సేల్స్ జాబుకి అప్లై చేసి ఏం లాభం" అన్నాడు. వాడు దాన్ని మార్కుల్లాగా చదివినాడు. 35 వస్తే పాసు, 31 అంటే ఫెయిలు.

అది మార్కు కాదు, పర్సంటైల్. జేఈఈ మెయిన్స్ పుణ్యాన మన ఇళ్ళల్లో పర్సంటైల్ అంటే ఏందో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు, వంద మందిని వరసలో నిలబెడితే 31 మంది నీకంటే వెనక ఉన్నారు, మిగతావాళ్ళు ముందున్నారు, అంతే. తేడా ఏందంటే జేఈఈలో ముందుకి పోతే మంచిది, ఇక్కడ ముందుకి పోయినా వెనక్కి వచ్చినా మంచీ చెడూ లేదు. ఈ రిపోర్టు పద్ధతి ప్రకారం కింది 30 మందిలో ఉంటే తక్కువ, మధ్య 40 మందిలో ఉంటే యావరేజ్, పై 30 మందిలో ఉంటే ఎక్కువ అంటారు. అంటే మనోడి 31 యావరేజ్‌లోనే వస్తాది, కాకపోతే అంచున. ఒక్క ప్రశ్నకి ఇంకో మాదిరి టిక్కు పెట్టుంటే 28 అయ్యుండచ్చు, 34 అయ్యుండచ్చు. మధ్యలో జనం ఒత్తుగా ఉంటారు కాబట్టి రెండు మూడు జవాబులు కొంచెం అటూ ఇటూ అయినా పర్సంటైల్ గబుక్కున దూకుతాది. 45కీ 55కీ తేడా ఉందని ఎవరన్నా వాదిస్తే గమ్మున నవ్వి ఊరుకోండి. 95, 5 లాంటివి వస్తే మాత్రం పట్టించుకోండి, అవి ఒకటి రెండు టిక్కులతో వచ్చేవి కాదు.

పెద్ద నంబరు చూసి ఆగిపోతే సగం రిపోర్టు చదవనట్టే. ఈ టెస్టులో ఐదు గుణాల కింద ఒక్కోదానికి ఆరు చొప్పున 30 చిన్న గుణాలు ఉంటాయి, అసలు సరుకంతా ఆడనే ఉంటాది. మనోడి ఎక్స్‌ట్రావర్షన్ 31ని విప్పి చూస్తే, కొత్త మనిషితో ఇట్టే కలిసిపోయే ఫ్రెండ్లీనెస్ 72 ఉంది, గుంపులో ఉండాలనే కోరిక చూస్తే 9, థ్రిల్ కోసం ఎగబడేది 14. అంటే వీడు మనిషి కనపడితే బాగా మాట్లాడతాడు, గుంపులో పడేస్తే అలిసిపోతాడు. ఇది నాకు ముందే తెలుసు, అంగడికి పోయి పాల ప్యాకెట్ తీసుకురమ్మంటే అంగడాయనతో అరగంట ముచ్చట పెట్టి వస్తాడు, అదే పెళ్ళికి పోతే భోజనాలు అయిపోతానే బండి తాళాలు వెతుక్కుంటాడు. ఒక్కో కస్టమర్‌తో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే సేల్స్ పనికి ఈ మనిషి ఎందుకు పనికిరాడు? వంద మంది ముందు మైకు పట్టుకుని అరిచే ప్రమోషన్ పని అయితే నేనే వద్దంటా.

కాన్షియెన్షస్‌నెస్ కూడా అంతే, మొత్తం 52 వచ్చింది, యావరేజ్ అని దాటుకుని పోయినాడు. లోపల చూస్తే మాట ఇస్తే నిలబడే గుణం 86, వస్తువులు సర్దుకునే గుణం 11. రెండు కొసలు కలిసి మధ్యలో తేలినాయి. "యావరేజ్" అని రాసుంటే రెండు అర్థాలు ఉండచ్చు, అన్నీ మధ్యలో ఉండడం ఒకటి, ఒకటి ఆకాశంలో ఇంకొకటి పాతాళంలో ఉండడం ఇంకొకటి, ఈ రెండో రకం మనుషుల్నే ఇంట్లోవాళ్ళు "వీడు అర్థం కాడబ్బా" అంటా ఉంటారు.

సరే, వంద మందిలో అన్నాం కదా, ఎవరా వంద మంది? రిజల్ట్ చూసేవాళ్ళు ఎవరూ అడగని ప్రశ్న ఇదే, నా లెక్కలో మొట్టమొదట అడగాల్సింది కూడా ఇదే. ఈ టెస్టులో మీ వయసు, ఆడా మగా అనేది చూసి ఆ గుంపుతో పోలుస్తారు, అంతవరకు బాగుంది, కానీ ఆ గుంపులో ఎక్కువ మంది విదేశాల్లో ఉండి ఇంగ్లీషులో నెట్‌లో టెస్టు రాసినోళ్ళు. పెద్ద పార్టీలంటే ఇష్టమేనా అని ప్రశ్న ఉంటాది, మనోడు జన్మలో అట్లాంటి పార్టీకి పోయింటే కదా, లేదు అని కొట్టినాడు. అదే మనిషి మేలో గంగజాతర వస్తే బండ వేషం కట్టి మొహానికి రంగు పూసుకుని వీధివీధీ తిరిగి నోటికొచ్చిన బూతులు తిడతా పోతాడు, ఎదురొచ్చిన వాళ్ళు నవ్వుకుంటా పక్కకి జరుగుతారు, అది ఈడ ఆచారం. తాతయ్యగుంట గంగమ్మ ముందు అంత హుషారుగా ఉండేవాడిని పట్టుకుని 31 అంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. టెస్టు తప్పని కాదు నేననేది. ఎక్కువ రోజులు ఎట్లా ఉంటావనేదే అది అడుగుతాది, జాతర వారం గురించి కాదు. కానీ ఆ ప్రశ్నలు తయారు చేసినోళ్ళకి మన తిరుణాళ్ళూ మన పెళ్ళిళ్ళూ తెలియవు కాబట్టి, మన నంబరు ఒక పది అటూ ఇటూగా ఊహించుకుని చదవడం మేలు.

రాసేటప్పుడు జరిగేవి కూడా రిజల్ట్‌లో కనిపిస్తాయి. తెలుగు మీడియం పిల్లోళ్ళు అర్థం కాని ప్రశ్నకి మధ్యలో ఉండే బటన్ నొక్కేస్తారు, అట్లాంటివి ఎక్కువ నొక్కితే రిజల్ట్ యావరేజ్ వైపు జరగచ్చు. ఇంకొందరు అన్నిటికీ అవును అవును అని కొట్టుకుంటా పోతారు, వాళ్ళకీ అదే గతి, ఎందుకంటే కొన్ని ప్రశ్నలు కావాలనే తిరగేసి అడుగుతారు, ఒకచోట నీట్‌గా ఉంటావా అనీ ఇంకోచోట వస్తువులు ఎక్కడపడితే అక్కడ పడేస్తావా అనీ, రెండిటికీ అవును అంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి మొత్తం 50 చుట్టే తిరుగుతా ఉంటే మీ గుణాన్ని అనుమానించే ముందు మీరు రాసిన తీరుని అనుమానించండి. పరీక్షలు ముగిసిన రోజో, ఇంట్లో గొడవ పడిన రోజో రాసింటే అది పక్కనపెట్టి మామూలు రోజున ఇంకోసారి రాయండి.

నంబర్ల కింద పేరాలు ఉంటాయి చూడండి, వాటితో జాగ్రత్త. అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ 1948లో తన 39 మంది స్టూడెంట్లకి టెస్టు పెట్టి, అందరికీ విడివిడిగా రిపోర్ట్ ఇచ్చినట్టు ఇచ్చి, ఎంత కరెక్టుగా ఉందో ఐదుకి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేసినారు. ఆయన ఇచ్చింది అందరికీ ఒకటే కాగితం, అందులో మాటలు కూడా జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకొచ్చినవి. "పైకి ధైర్యంగా కనిపిస్తావు గానీ లోపల భయపడతావు" అంటే ఎవరు కాదంటారు చెప్పండి. మీరు కూడా ఇంట్లో ట్రై చెయ్యచ్చు, మీ టైపు పేరా, ఇంకో రెండు టైపుల పేరాలు పేర్లు తీసేసి మీ అక్కకో రూమ్మేట్‌కో ఇచ్చి వీటిల్లో నేనెవరో చెప్పు అనండి. తడుముకుంటా ఉంటే ఆ పేరాలో మీ గురించి ఏమీ లేదని లెక్క.

మీతో ఉండేవాళ్ళని అడిగేటప్పుడు కూడా ఏది అడగాలో ఉంటాది. మాటకారితనం, పని వాయిదా వేసే అలవాటు, చిరాకు పడేది, ఇవి పక్కనోళ్ళకి బాగా కనిపిస్తాయి, అమ్మ చెప్పిందానికీ మీ నంబరుకీ పొంతన లేకపోతే అమ్మ మాటే నమ్మండి. లోపల్లోపల గుబులు పడేది మాత్రం మీకే తెలుసు, "మా పిల్లోడికేం, రాయిలాగుంటాడు" అన్నారని మీ జవాబు మార్చుకోవద్దు.

న్యూరోటిసిజం 80 వచ్చిందని ఒకమ్మాయి రాత్రంతా నిద్ర పోలేదంట. అది రోగం పేరు కాదు, కంగారు తొందరగా వస్తాది అని చెప్పే కొలత, దాని కింద డిప్రెషన్ అని ఉండే చిన్న గుణం కూడా డాక్టర్ చెప్పే డిప్రెషన్ కాదు. వయసు ముప్పై వైపు పోయేకొద్దీ చాలామందిలో ఇది తగ్గుతాది, పని పద్ధతి పెరుగుతాది, కాబట్టి ఇరవైలో వచ్చిన నంబరు జీవితాంతం ఉండేది కాదు. టెస్టు సంగతి వదిలేసి, నిజంగానే రెండు వారాలుగా నిద్ర లేక, తిండి సయించక, దేని మీదా మనసు పోకుండా ఉంటే మా తిరుపతి రుయా ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పోండి, పోలేకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

కంపెనీలు పెట్టే టెస్టుల్లో మంచోడిగా కనపడాలని అన్నిటికీ పై మెట్టు కొట్టేది వద్దు. "నేనెప్పుడూ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు" లాంటివి కొన్నిట్లో మధ్యమధ్యలో పెట్టింటారు, అవి అలా కొట్టేవాళ్ళని పట్టుకోవడానికే. ఇంకోటి, ఎంబీటీఐ చూసి ఉద్యోగంలోకి తీసుకునేది తప్పని ఆ టెస్టు అమ్మే కంపెనీనే చెప్తాది, అది అడిగే హెచ్ఆర్ గురించి మీరే ఆలోచించుకోండి.

ఇంక పిల్లోళ్ళ వేలిముద్రలు తీసుకుని బుర్ర ఎట్లాంటిదో, ఏ గ్రూపు తీసుకోవాలో చెప్తామని స్కూళ్ళకి వచ్చే డీఎంఐటీ వాళ్ళు. దీనికి సైన్సు ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీనే చెప్పింది, అయినా మనవాళ్ళు వేలకి వేలు కడతానే ఉన్నారు, రిపోర్ట్ లావుగా రంగుల్లో ఉంటే చాలు. ఏ టెస్టుకైనా సరే డబ్బులు కట్టే ముందు ఎదురుగా ఉన్నాయన్ని అడగండి, ఏ గుంపుతో పోలుస్తారు, అందులో మన దేశం వాళ్ళు ఉన్నారా, నెల తర్వాత మళ్ళీ రాస్తే ఇదే రిజల్ట్ వస్తాదని ఎట్లా తెలుసు, చిన్న గుణాల నంబర్లు చేతికి ఇస్తారా పేరు ఒకటే చెప్పి పంపిస్తారా. సూటిగా చెప్పకుండా పక్కింటి పిల్లోడు ఈ టెస్టు రాసి ఎట్లా బాగుపడినాడో చెప్పడం మొదలుపెడితే పర్సు తియ్యకుండా లేచి వచ్చేయండి.