తుఫాన్ల నెలలు రాకముందే బ్యాకప్‌ను ఒకసారి నిలదీయండి

వినాయక నిమజ్జనాలు అయ్యాయంటే విశాఖలో ఇళ్ల దగ్గర పనులు మొదలవుతాయి. నీళ్ల ట్యాంకు మూతకు తాడు కడతాం, కిటికీ గడియలు చూసుకుంటాం, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తాం, కొవ్వొత్తులు కొని పెట్టుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో ఊరి మీద పడ్డాక అక్టోబరు అంటేనే మనకు ఒక దడ. ఇన్ని చేసినా కంప్యూటర్ బ్యాకప్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అది ఆటోమేటిక్ కదా, దాని పని అది చూసుకుంటుందిలే అనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. హుద్‌హుద్ వచ్చిన ఆ ఆదివారం ఎంవీపీ కాలనీలో మా మూడో అంతస్తు కిటికీ అద్దం పగిలి, వాన అడ్డంగా కొట్టి సీపీయూ మీదే పడింది. పెద్దగా బాధపడలేదు. ముందు రోజు సాయంత్రమే పోర్టబుల్ హార్డ్ డిస్క్ పీకి బీరువాలో పెట్టాను మరి. మా వీధికి కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులు. వచ్చాక మా బావ ల్యాప్‌టాప్‌కు డిస్క్ గుచ్చి చూస్తే, చివరి ఫోల్డర్ తేదీ జూన్ 17. ఆ తర్వాతి నాలుగు నెలలూ ఖాళీ. మా అమ్మాయి బారసాల ఫొటోలూ, నాన్నగారి పెన్షన్ కాగితాల స్కాన్లూ అన్నీ ఆ నాలుగు నెలల్లోవే.

"అదేంటి బావా, రోజూ లైటు వెలుగుతూనే ఉండేది కదా!" అన్నాడు మా బావ.

వెలిగేది. కానీ ఆ లైటుకు అర్థం డిస్క్‌కు కరెంటు అందుతోందని మాత్రమే. ఫైళ్లు కాపీ అవుతున్నాయని కాదు. తీరా తవ్వి చూస్తే కారణం ఓ పెన్‌డ్రైవ్. ఫొటో స్టూడియో నుంచి తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చి వదిలేశాను. అది 'ఈ' అనే అక్షరం తీసేసుకుంది. అంతకుముందు రోజూ 'ఈ'గా కనిపించే నా హార్డ్ డిస్క్ ఆ రోజు నుంచి 'ఎఫ్' అయింది. బ్యాకప్ ప్రోగ్రామ్ మాత్రం రోజూ రాత్రి 'ఈ' కోసం వెతికి, దొరక్క, ఆ ముక్క ఓ లాగ్ ఫైల్లో రాసుకుని పడుకునేది. ఆ లాగ్ నేను ఎప్పుడూ తెరవలేదు.

అందుకే ఇప్పుడు ఎవరింటికెళ్లినా మొదట చెప్పేది ఇదే: విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, బ్యాకప్ డిస్క్‌కు వెనకాల ఉన్న ఏదో ఒక అక్షరం, 'ఎస్' గానీ 'టి' గానీ, మీరే ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లకు విండోస్ ముందున్న అక్షరాలు ఇచ్చుకుంటూ వస్తుంది కాబట్టి అంత దూరం రాదు. అక్షరం మార్చాక బ్యాకప్ ప్రోగ్రామ్‌లో కూడా ఆ కొత్త అక్షరమే పెట్టడం మర్చిపోకండి. రెండు నిమిషాల పని.

డి డ్రైవ్ సంగతి

ఇది మనవాళ్లకే ప్రత్యేకమైన చిక్కు అనిపిస్తుంది నాకు. "సి డ్రైవ్‌లో పెడితే ఫార్మాట్ కొట్టినప్పుడు పోతాయండీ" అని కంప్యూటర్ బిగించిన కుర్రాడు చెబుతాడు. దాంతో ఫొటోలు, సినిమాలు, పిల్లల ప్రాజెక్టులు, ఇంటి పన్ను రసీదులు అన్నీ డి డ్రైవ్‌లోకి పోతాయి. విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ మాత్రం డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ లాంటి తనకు తెలిసిన చోట్లే చూస్తుంది. డి డ్రైవ్‌లో మీరు పెట్టుకున్న 'అన్నీ ఇక్కడే' అనే ఫోల్డర్ దానికి కనిపించదు. ప్రతి గంటా శ్రద్ధగా ఖాళీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌నే చూసుకుని, అంతా బాగుందని చెబుతుంది. అందులో దాని తప్పేం లేదు.

ఆ డి డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ' అని ఇస్తే అప్పుడు లెక్కలోకి వస్తుంది. విండోస్ 11లో ఆ మాట 'షో మోర్ ఆప్షన్స్' కింద దాక్కుని ఉంటుంది. ఇక డి డ్రైవ్ వేరే డిస్క్ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువ ఇళ్లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌ను రెండు ముక్కలు చేసినవి. సి లోంచి డి లోకి కాపీ చేసుకుంటే అది బ్యాకప్ కాదు. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి.

చప్పుడు లేకుండా ఎందుకు ఆగిపోతుంది

బ్యాకప్ ఫలానా వేళకు అవ్వాలని టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకున్నవాళ్లు ఆ టాస్క్ కండిషన్స్ ఒకసారి తెరవండి. 'ఏసీ పవర్ (అంటే ప్లగ్ కరెంటు) ఉంటేనే మొదలుపెట్టు' అనే గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి మంచం మీద పెట్టుకుని వాడే ఇంట్లో ఇక బ్యాకప్ అయ్యేదెప్పుడు? పక్కనే సెట్టింగ్స్‌లో 'తప్పిపోతే వీలైనంత త్వరగా నడుపు' అని ఇంకో గడి ఉంటుంది, దానికి మాత్రం టిక్ ఉండదు. రాత్రి రెండింటికి టైమ్ పెట్టి, పదింటికల్లా కంప్యూటర్ ఆపేసే ఇళ్లకు ఈ రెండో టిక్ ప్రాణం. లాగిన్ పాస్‌వర్డ్ మార్చినా కొన్నిసార్లు టాస్క్ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు తట్టి వెనక్కి వెళ్లిపోతుంది. 'లాస్ట్ రన్ రిజల్ట్' అనే గడి చూస్తే ఇవన్నీ బయటపడతాయి. విండోస్‌లో ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో బ్యాకప్ సొంతంగా రాసుకున్నవాళ్లకు ఒక మాట: అక్కడ 1 అని కనిపిస్తే కంగారు పడకండి, కొత్త ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8 గానీ అంతకు పైన గానీ వస్తే ఏదో కాపీ కాలేదని.

కొత్త డిస్క్ కొన్న నెలకే కొన్ని ఫైళ్లు మాత్రం కాపీ కావట్లేదంటే, ఆ ఫైళ్ల సైజు చూడండి. పెళ్లి వీడియోలాంటివే ఆగుతున్నాయంటే డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్నట్టే. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఎక్స్‌ఫ్యాట్‌కో మార్చాలి. డిస్క్ నిండిపోవడం, అవుట్‌లుక్ గానీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ గానీ తెరిచి ఉండడం వల్ల ఫైలు లాక్ అయిపోవడం... ఇవి అందరికీ తెలిసినవే.

మన ఊరికి ఇంకొకటి ఉంది: ఉప్పుగాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తినేస్తాయో చూస్తూనే ఉంటాం. అదే గాలి యూఎస్‌బీ పోర్టుల్లోకీ వెళ్తుంది. పోర్టబుల్ డిస్క్‌లకు ఉండే వెడల్పాటి పిన్ను అసలే వదులు. డిస్క్ పనిచేస్తుండగా కేబుల్‌ను పిన్ను దగ్గర వేలితో కొంచెం కదిపి చూడండి. 'టడం' అని విండోస్ శబ్దం వచ్చి డిస్క్ మాయమై మళ్లీ వచ్చిందా, అర్ధరాత్రి ఫ్యాన్ గాలికి కూడా అదే జరుగుతుంది. సగం కాపీ అయిన ఫైలు పేరు, సైజు అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, తెరిస్తే తెరుచుకోదు. డిస్క్‌ను అనుమానించేముందు వందా రెండు వందలు పెట్టి కేబుల్ మార్చండి. సీపీయూ ముందున్న పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టుకు గుచ్చండి, హబ్ వద్దు. అప్పటికీ ఊరుకోకపోతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. అది 'కాషన్' అని పసుపు రంగులో చూపిస్తే ఆ డిస్క్‌ను నమ్మి తుఫానులోకి వెళ్లొద్దు.

"నాకు గూగుల్ డ్రైవ్ ఉంది, ఈ డిస్క్‌ల గోల ఎందుకండీ" అనేవాళ్లకు: గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కు, ఫొటోలకు, డ్రైవ్‌కు కలిపి. అది నిండితే కొత్తవి ఎక్కడం ఆగిపోతుంది, హెచ్చరికలు వచ్చినా మనం పట్టించుకోం. పైగా డ్రైవ్ చేసేది సింక్, అంటే అద్దం లాంటిది. ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. ట్రాష్‌లో 30 రోజులుండి అక్కడి నుంచీ పోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌లో మబ్బు గుర్తు ఉన్న ఫైళ్లు అసలు మీ కంప్యూటర్‌లోనే ఉండవు. ఫైల్ హిస్టరీ కూడా వాటిని కాపీ చేయదు. తుఫాను వేళ నెట్ పోతే తెరవడానికీ కుదరదు. ఇన్సూరెన్స్ పాలసీ, ఆధార్, ఇంటి దస్తావేజుల స్కాన్లు ఉన్న ఫోల్డర్‌ మీద మాత్రం 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అని పెట్టుకోండి.

తెరిచి చూడాల్సిందే

పరీక్ష ఒక్కటే. బ్యాకప్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు గుచ్చి మూడు ఫైళ్లు వెనక్కి తీయండి: బాగా పాతది ఒకటి, అన్నిటికన్నా పెద్దది ఒకటి, పోయిన వారం చేసింది ఒకటి. డెస్క్‌టాప్ మీద వేసుకుని తెరవండి. వీడియో అయితే మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. పోయిన వారం ఫైలు దొరకలేదంటే మీదీ నా జూన్ 17 కథే.

ఇలా చూస్తున్నప్పుడే మా ఎదురింటి మాస్టారికి ఓ విషయం తెలిసింది. పెళ్లికార్డులు, కరపత్రాలు 'అను' అనే తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు దిద్దే ప్రోగ్రామ్‌లో చేస్తారాయన. నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే శుభలేఖ మొత్తం పిచ్చి గీతలు! ఫైలు భద్రంగానే ఉంది, ఫాంటే లేదు. అప్పటి నుంచి ఫాంట్లు, ప్రోగ్రామ్ సెటప్ కూడా బ్యాకప్‌లో పెడుతున్నారు. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లను కొన్ని పాత ప్రోగ్రామ్‌లు ప్రశ్న గుర్తుల వరసగా మార్చేస్తాయి, అదీ ఇప్పుడే బయటపడుతుంది.

కొత్త ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాలా విండోస్ 11 మెషిన్లలో డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. మదర్‌బోర్డు తడిసి పోయి, లోపలి డిస్క్ తీసి వేరే దానికి గుచ్చితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడే వెతికి, కాగితం మీద రాసి, రేషన్ కార్డు పెట్టే చోట పెట్టండి.

అల్పపీడనం అని వినగానే

తుఫాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్లోనే ఉంది, కబురు ముందే అందుతుంది. వాయుగుండంగా మారిందన్న రోజే చేతితో ఒకసారి బ్యాకప్ నడపండి. క్లౌడ్‌లోకి ఎక్కిద్దామని ఆఖరి రోజు దాకా ఆగొద్దు. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న కనెక్షన్ మీద 100 జీబీ ఎక్కాలంటే, ఎక్కడా ఆగకుండా నడిచినా 11 గంటలు. గాలి మొదలైతే ఆ 11 గంటలు మీకు దొరకవు.

అయ్యాక డిస్క్‌ను 'సేఫ్లీ రిమూవ్' చేసి పీకండి. గుచ్చి ఉంచితే పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ ఒకేసారి పోతాయి. జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లం వేసి, గాలి తీసి మూసి, ఇంకో కవర్‌లో పెట్టండి. కిటికీ లేని గదిలో, నేలకు ఎత్తులో. రెండో కాపీ ఊరి బయట ఉండాలి. విజయనగరంలో పిన్ని గారింట్లో ఇస్తే అది బయట కాదు, ఓ 60 కిలోమీటర్లు. హుద్‌హుద్ వాళ్లనీ వదల్లేదు. హైదరాబాద్ వెళ్లే వాళ్ల చేతికి ఇవ్వండి. పరాయి ఇంట్లో ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి.

డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటే ముందే ఒకసారి ప్లగ్ పీకి టైమ్ చూడండి. బ్యాటరీ వయసు మూడేళ్లు దాటితే ఒక నిమిషం కూడా ఆగకపోవచ్చు. కాపీ జరుగుతుండగా కరెంటు పోవడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

కరెంటు వచ్చిన రోజు

వచ్చిన వెంటనే కంప్యూటర్ ప్లగ్ గుచ్చకండి. మొదటి కొన్ని గంటలు వచ్చి పోతూ ఉంటుంది, ఓల్టేజీ ఎగిరి పడుతుంది. తడిసిన సీపీయూ అయితే ఎంత ఎండబెట్టినా మీరు ఆన్ చేయొద్దు, తడిసిన డిస్క్ అయితే అసలే వద్దు.

పొడిగా ఉన్న కంప్యూటరే అనుకోండి. ఆన్ చేయగానే ముందు కింద మూలన గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని. అది చచ్చిపోయి ఉంటే, వారం రోజులు కరెంటు లేకపోయేసరికి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. మామూలు రోజుల్లో నెట్ వచ్చి సరిచేస్తుంది కాబట్టి మనకు తెలియదు. నెట్ ఇంకా రాని ఆ రోజుల్లో మీరు చేసిన ప్రతి ఫైలూ పాత తేదీతో పడుతుంది. తేదీలు పోల్చి కాపీ చేసే బ్యాకప్ ప్రోగ్రామ్ 'ఇది పాతదేలే' అని దాన్ని వదిలేస్తుంది. బ్యాటరీ యాభై రూపాయలు ఉంటుందేమో.

తేదీ సరిచేశాక కూడా బ్యాకప్ డిస్క్ అప్పుడే గుచ్చొద్దు. మీ అసలు ఫైళ్లలో కొన్ని పాడై ఉంటే, ఆటోమేటిక్ బ్యాకప్ ఆ పాడైన వాటిని తీసుకెళ్లి మంచి కాపీల మీద రాసేస్తుంది. ముందు షెడ్యూల్ ఆపండి. ఫొటోలు, కాగితాలు ఓ పది తెరిచి చూడండి. బాగుంటే అప్పుడు బీరువాలోంచి కవరు తీయండి, డిస్క్ గది వేడికి వచ్చేదాకా ఓ అరగంట బల్ల మీద ఉంచండి, ఆ తర్వాత వెనక పోర్టుకు గుచ్చి, షెడ్యూల్ మళ్లీ ఆన్ చేయండి. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ చివరి ఫోల్డర్ తేదీ చూడండి.